ఒడిశా సరిహద్దు ఊళ్లలో చిన్న తెలుగు సినిమాను సొంతంగా ఆడించుకోవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పర్లాకిమిడి చుట్టుపక్కల తీసిన రెండు గంటల తెలుగు సినిమా ఎడిటింగ్ అయిపోయింది. చేతిలో 6 లక్షలు మిగిలాయి. డిస్ట్రిబ్యూటర్ ఎవరూ ముందుకు రాలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురంలో మీరే విడుదల చేసుకోవచ్చా, ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలి?

చేసుకోవచ్చు. కానీ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చేసే ప్రచారాన్నే తెచ్చి ఇక్కడి గోడలకు అంటిస్తే సగం డబ్బు వృథా అవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చిన ఊళ్లు ఇవి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తాతగారు తెలుగు పేపరు చదువుతారు. మనవడికి తెలుగు డైలాగు ప్రతి ముక్కా అర్థమవుతుంది, జోకుకు అందరికంటే ముందు నవ్వుతాడు, పోస్టర్ మీది తెలుగు పేరు మాత్రం కూడబలుక్కోలేడు. టికెట్ కొనేది ఆ మనవడే. అందుకని మీ సినిమా వాళ్లకు చెవి ద్వారా చేరాలి, కంటికి కనపడేదంతా ఒడియాలో కూడా ఉండాలి. కింద నేను చెప్పే ఖర్చులు, షో టైములు అన్నీ దీన్నిబట్టే.

ముందు 6 లక్షలను విడదీయండి. సర్టిఫికెట్, సబ్‌టైటిళ్లు, థియేటర్ కాపీ, ట్రైలర్‌కు లక్షన్నర. ప్రచారానికి రెండున్నర లక్షలు. థియేటర్ అడ్వాన్సులకు లక్ష. మిగతా లక్ష రెండో వారం కోసం పక్కన పెట్టి, మొదటి వారం ఏమైనా సరే తాకకండి. సినిమా బాగుందన్న మాట ఊళ్లో పాకే సమయానికి చేతిలో పైసా లేక ఆగిపోయే చిన్న సినిమాలే ఎక్కువ.

సర్టిఫికెట్ సంగతి. సెన్సార్ బోర్డుకు హైదరాబాద్‌లోనూ కటక్‌లోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. తెలుగు సినిమా కాబట్టి హైదరాబాద్‌కే వెళ్లండి. దరఖాస్తు ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది, ఒడిశాకు వేరేది అక్కర్లేదు. 2023 చట్ట సవరణ తర్వాత పదేళ్ల గడువు కూడా పోయింది. యూఏ సర్టిఫికెట్‌లో ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల మెట్లు ఉన్నాయి. వీటిలో ఏది వచ్చినా పెద్దవాళ్ల తోడుతో పిల్లలు రావచ్చు. 'ఏ' వస్తే మాత్రం 18 లోపు వాళ్లను లోపలికి పంపకూడదు కాబట్టి కుటుంబాల మ్యాట్నీ పోయినట్టే. విడుదలకు రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి.

చిన్న సినిమాలు ఇక్కడ ఇరుక్కునేది మూడు చోట్ల. మొదటిది, ఎడ్లబండో కోడిపుంజో తెరమీద ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. ఆ కార్యాలయం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. షూటింగుకు ముందే దరఖాస్తు చేసి ఉండాలి. చేయలేదంటే ఇప్పుడే మొదలుపెట్టండి, లేదా ఆ షాట్లు లేకుండా కథ నిలుస్తుందేమో చూసుకోండి. రెండోది, బీడీ, చుట్ట, ఖైనీ కనపడితే సినిమా మొదట్లోనూ మధ్యలోనూ కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక పెట్టాలి, పొగాకు కనపడినంతసేపూ తెర కింద అక్షరాలు ఉండాలి. మూడోది, థియేటర్లో వేసే ట్రైలర్‌కు విడిగా సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్‌లో పెట్టిన ట్రైలర్‌ను అలాగే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇంటర్వెల్‌లో వేయమంటే థియేటర్ యజమాని ఒప్పుకోకూడదు, ఒప్పుకోడు.

సబ్‌టైటిళ్లు వేయాలనుకుంటే బోర్డుకు పంపే కాపీలోనే వేయండి. తర్వాత చేర్చిన ప్రతిదానికీ మళ్లీ ఆమోదం పొందాలి. ఇంగ్లీషు కంటే ఒడియా సబ్‌టైటిళ్లే వేయమంటాను. తెలుగు కుర్రాడు తనతో చదివే ఒడియా స్నేహితులను కూడా హాలుకు తీసుకొస్తాడు.

ఇక కాపీ. థియేటర్‌కు వెళ్లేది డీసీపీ, అంటే థియేటర్లో ఆడించే డిజిటల్ కాపీ. ఫ్లాట్ (మామూలు వెడల్పు బొమ్మ) అయితే 1998 బై 1080, స్కోప్ (ఇంకా వెడల్పైన బొమ్మ) అయితే 2048 బై 858, సెకనుకు 24 ఫ్రేములు. 25 ఫ్రేముల్లో తీసి ఉంటే మార్పిడి తర్వాత పాటలు, పెదవుల కదలిక మొదటి నుంచి చివరి దాకా చూసుకోండి. ఈ సైజు (2కె) కాపీలో బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు, అంటే రెండు గంటలకు దాదాపు 225 జీబీ దాకా పోవచ్చు. గుణుపురంలోనో జయపురంలోనో నెట్ మీద దించుకుందామనుకుంటే శుక్రవారం ఉదయానికి సగం కూడా దిగకపోవచ్చు. హార్డ్‌డిస్క్ మనిషి చేతే పంపండి, బుధవారానికల్లా థియేటర్ సర్వర్‌లో, అంటే సినిమా ఆడించే కంప్యూటర్‌లో, ఎక్కించండి.

తాళంచెవి విషయంలో మరింత జాగ్రత్త. కాపీకి డిజిటల్ తాళం వేసి ఉంటుంది. దాన్ని తెరిచే కేడీఎం అనే తాళంచెవి ఫలానా సర్వర్‌కు, ఫలానా తేదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు మాత్రమే పనిచేస్తుంది. థియేటర్ వాళ్లు సర్వర్ మార్చి ఉంటే, లేదా రిపేరులో లోపలి బోర్డు మారి ఉంటే, పాత వివరాలతో చేసిన తాళంచెవితో సినిమా తెరుచుకోదు. కాబట్టి వారం ముందే ఆపరేటర్‌ను అడిగి, సర్వర్‌దీ, లోపలి బోర్డుదీ సీరియల్ నంబర్ల ఫొటో తెప్పించుకోండి. తాళంచెవి గడువు గురువారం మధ్యాహ్నం నుంచి మొదలయ్యేలా చేయించుకుంటే ఆ రాత్రి చివరి షో అయ్యాక పరీక్షగా వేసి చూడొచ్చు.

ఆ పరీక్షలో మొత్తం సినిమా అక్కర్లేదు, పది నిమిషాలు చాలు: ఒక రాత్రి సీను, ఒక గుసగుస డైలాగు, ఒక పాట. తెర వెలుగు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్ట్‌లు, ల్యాంపు పాతబడిన హాల్లో అంత ఉండదు. స్టూడియోలో అందంగా ఉన్న మీ రాత్రి సీను ఇక్కడ నల్లటి గోడలా కనపడుతుంది. కలర్ గ్రేడింగ్ అప్పుడే రాత్రి సీన్లలో మొహాల వెలుగు కొంచెం ఎత్తి పెట్టుకోండి. శబ్దమూ అంతే. స్టూడియోలో మిక్సింగ్ సౌండ్ ప్రాసెసర్ వాల్యూమ్ అంకె 7 మీద చేస్తారు, హాల్లో 5 మీదో అంతకంటే కిందో నడుపుతారు. మధ్య స్పీకర్ బలహీనంగా ఉన్న హాలైతే మాటలే వినపడవు, డైలాగులన్నీ వచ్చేది అందులోంచే కదా. చెవితో చూసే ప్రేక్షకులకు డైలాగు వినపడకపోతే ఇక సినిమా లేదు. వెనక వరుసలో కూర్చుని విని, సరిపోయే అంకె చీటీ మీద రాసి ప్రొజెక్టర్ గదిలో అంటించండి.

థియేటర్‌తో బేరం మూడు రకాలు. పర్సంటేజీ (వసూలులో వాటా), అద్దె (హాలుకు మీరు కట్టేది), మినిమం గ్యారంటీ (ఎంత వసూలైనా హాలు మీకు ఇచ్చే ఖాయమైన మొత్తం). మీలాంటి సినిమాకు ఎవరూ గ్యారంటీ ఇవ్వరు కాబట్టి మొదటి రెండే మాట్లాడుకుందాం. ఒక ఉదాహరణ లెక్క: పన్ను కాకుండా టికెట్ 80 రూపాయలు. మూడు రోజులు, రోజుకు రెండు షోలు, మొత్తం ఆరు. షోకు సగటున 110 మంది వస్తే 660 టికెట్లు, నెట్ (పన్ను పోను వసూలు) 52,800. సగం సగం అయితే మీకు 26,400. అదే హాలుకు మూడు రోజులకు 24,000 అద్దె ఇచ్చి ఉంటే మీకు మిగిలేది 28,800, అద్దె కొంచెం మేలు. కానీ సగటు 70కి పడితే నెట్ 33,600. పర్సంటేజీలో 16,800 వస్తుంది, అద్దెలో 9,600 మిగులుతుంది. ఈ అంకెల్లో షోకు 100 మంది దాటితేనే అద్దె లాభం. పేరున్న నటుడు లేని సినిమా మొదటి వారం పర్సంటేజీ మీదే వెళ్లాలి, రెండో వారం జనం వస్తారని తేలాక అద్దెకు మారండి. డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీ షోకు ఇంతా, వారానికి ఇంతా, ఎవరు కట్టాలి అన్నది ముందే రాయించుకోకపోతే ఆ మొత్తం చివర్లో మీ వాటాలోంచే పోతుంది.

రోజంతా నాలుగు షోలు అడగకండి. రెండు షోలు, మూడు రోజులు గట్టిగా రాయించుకోండి. దాంతోపాటు హోల్డోవర్ షరతు: ఆదివారం రాత్రికి ఇన్ని టికెట్లు దాటితే మరుసటి వారం కూడా అవే షోలు మనకే. ఈ వాక్యం లేకపోతే హాలు నిండుతున్న సినిమానే తీసేసి పెద్ద హీరో సినిమా వేస్తారు, అప్పుడు మీ చేతిలో ఏ కాగితమూ ఉండదు.

హక్కుల కాగితం కూడా చూసుకోండి. రేపు ఎవరైనా ఉత్తరాంధ్ర హక్కులు అడిగితే, ఒప్పందంలో 'ఉత్తరాంధ్ర, ఒరిస్సా' అని ఒక్క మాటలో ఇచ్చేయకండి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల పేర్లు రాసి, అవి మీవేనని చెప్పండి. పర్లాకిమిడి పక్కనే పాతపట్నం, బరంపురానికి ఇచ్ఛాపురం దగ్గర. అటువైపు హాల్లో అదే రోజు సినిమా పడితే ఇటు జనం బండి వేసుకుని అటే పోతారు. ఆ రెండు ఊళ్లలో వారం ఆలస్యంగా విడుదల చేయాలన్న షరతు పెట్టుకోవచ్చు. పన్నుకొస్తే, 100 రూపాయల వరకు ఉన్న టికెట్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం, అంతకు పైన 18 శాతం. అందుకే టికెట్ 110 పెట్టడంలో అర్థం లేదు, ప్రేక్షకుడికి పన్నే దాదాపు 20 రూపాయలు పడుతుంది. మీ సంస్థ ఆంధ్రలో నమోదై ఉంటే ఒడిశా థియేటర్‌కు ఇచ్చే బిల్లు ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య జీఎస్టీ) కింద వెయ్యాలి, ఆడిటర్‌కు ముందే చెప్పండి.

తేదీ ఎంచుకునేటప్పుడు ఆంధ్ర క్యాలెండర్ ఒక్కటే చూడొద్దు. జూన్ మధ్యలో మూడు రోజుల రొజొ పండుగకు, దసరాకు ఒడియా సినిమాలు పడతాయి, హాళ్లు దొరకవు. సంక్రాంతికి పెద్ద తెలుగు సినిమాలు వచ్చి ఉన్న షోలన్నీ పట్టుకుపోతాయి. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర జరిగే చైత్రంలో రాత్రిపూట జనం వీధుల్లో ఉంటారు, హాల్లో ఉండరు. ఫిబ్రవరి, మార్చి పరీక్షల నెలలు. పెద్ద సినిమా లేని జూలై చివరి వారమో, దసరా సినిమాలు దిగిపోయిన నవంబరో మీకు అనువు. నవంబరు అంటే కోతలు, పల్లెజనం తక్కువగా వస్తారు, ఊళ్లోవాళ్లతోనే నడపాలి. వాన రోజుల్లో మైకు ఆటో తిరగదు. ఈ రెండిట్లో నన్నడిగితే నవంబరే.

పోస్టర్. మూడు లిపులు ఉండాలి: తెలుగు, ఒడియా, ఇంగ్లీషు. ఒడియా పేరు మూలన చిన్నగా కాదు, తెలుగు అక్షరంలో కనీసం సగం ఎత్తుండాలి. ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. తెలుగు పేరును అక్షరానికి అక్షరం ఒడియాలోకి మార్చేస్తారు. ఒడియాలో గుణింతం లేని అక్షరం మన 'అ'లా పలకదు, 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది. మామూలుగా రాస్తే 'వ' కూడా 'బ' అయిపోతుంది. మీ సినిమా పేరు 'వరద గట్టు' అనుకోండి, చదివేవాడి నోట అది 'బొరొదొ గొట్టు' అవుతుంది. థియేటర్ దగ్గర ఆ పేరు అడిగితే ఆటోవాడికీ అర్థం కాదు, మైకులో విన్న పేరూ గోడ మీది పేరూ ఒకటేనని ఎవరికీ తట్టదు. 'వ'కు ఒడియాలో వేరే అక్షరం ఉంది, అది వాడించండి. 'అ' పలకాల్సిన చోట దీర్ఘం పెడితే దగ్గరగా వస్తుంది. కంప్యూటర్‌ను నమ్మకుండా, బజారులో తెలుగు షావుకార్ల బోర్డులు రాసే పెయింటర్ చేత రాయించండి. తెలుగు పేర్లు ఒడియాలో ఎలా రాస్తే జనం సరిగ్గా చదువుతారో అతని చేతికి అలవాటు. రాశాక బడిపిల్లలు నలుగురి చేత పైకి చదివించి చూసి అప్పుడు ప్రింటుకు ఇవ్వండి.

20 బై 30 అంగుళాల పోస్టర్లు ఊరికి 150, పెద్ద ఊరైన బరంపురానికి 400 సరిపోతాయి. మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. మైదా జిగురు వాసనకు ఆవులు వచ్చి కాగితం పీకుతాయి, కాబట్టి అవి మూతి ఎత్తినా అందని ఎత్తులో వేయించండి. శుక్రవారం సినిమా అయితే మంగళవారం రాత్రి ఒకసారి, గురువారం రాత్రి ఒకసారి అంటించాలి. వారం ముందే అన్నీ అంటిస్తే శుక్రవారానికి మీ పోస్టర్ మీద ఇంకోటి ఉంటుంది.

కానీ నేను అసలు డబ్బు పెట్టమనేది మైకు మీద. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో సెకనుకు అయిదున్నర మీటర్లు కదులుతుంది. మాటలు స్పష్టంగా వినపడే దారి పొడవు మొత్తం 60 మీటర్లు అనుకుంటే, గుమ్మంలో నిలబడ్డ మనిషికి అందేది 11 సెకన్ల మాటే. కాబట్టి రెండు నిమిషాల ప్రసంగం రికార్డు చేయించి దాన్నే తిప్పుతూ ఉంటే ఎవరికీ ఏదీ పూర్తిగా వినపడదు. ప్రతి పది సెకన్లలో సినిమా పేరు, హాలు, షో టైము మూడూ రావాలి. ఇలా:

"వరద గట్టు! మన పర్లాకిమిడి ఫలానా హాల్లో, మనోళ్లు తీసిన సినిమా. శుక్రవారం నుంచి, మార్నింగు షో, మ్యాట్నీ. ఇంటిల్లిపాదీ రండి, వరద గట్టు!"

దీని వెంటనే ఒడియాలో అదే ముక్క, ఆ తర్వాత సినిమాలోని ఒక డైలాగు, మళ్లీ మొదటికి. చదివేది రేడియో గొంతు కాకుండా ఇక్కడి యాసే అయి ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడింది ఈ పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. ఆ ఊళ్లో గ్రాంథికపు ప్రకటన వినిపించకండి. కూడళ్లలో ఆటో రెండు నిమిషాలు ఆగాలి. సంత రోజు ఏ ఊళ్లో ఏ వారమో కనుక్కుని ఆ పూట అక్కడే ఉంచండి. పోలీసు అనుమతి ముందే కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు నిషేధం, ఆసుపత్రి, బడి, కోర్టుకు 100 మీటర్ల లోపు ఎప్పుడూ వేయకూడదు. ఈ రెండూ తప్పితే ఆటో, ఆంప్లిఫైయర్ రెండూ స్టేషన్‌లో పడతాయి, విడుదల రోజు మీరు వాటి చుట్టూ తిరగాలి.

ఫోన్ ప్రచారంలోనూ చెవి సూత్రమే. వాట్సాప్‌లో ఫొటో కంటే 30 సెకన్ల వాయిస్ ముక్క, సినిమాలో నటించిన ఊరివాళ్ల గొంతుతో, ఎక్కువ దూరం పోతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు కట్టి ప్రకటన ఇచ్చేటప్పుడు భాష 'తెలుగు' అని ఎంచుకోవడం దాదాపు అందరూ చేసే తప్పు. ఆ ఎంపిక మనిషి ఇంట్లో మాట్లాడే భాష చూడదు, ఎక్కువగా యాప్ ఏ భాషలో వాడుతున్నారో చూస్తుంది. ఇక్కడి తెలుగు కుర్రాళ్ల ఫోన్లు, యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. భాష గడి ఖాళీగా వదిలి, ఊరి చుట్టూ 15 కిలోమీటర్ల వలయం పెట్టండి. గుణుపురంలో జీఐఈటీ, పర్లాకిమిడి దగ్గర సెంచూరియన్ యూనివర్సిటీల్లో ఆంధ్ర నుంచి వచ్చి చదివే పిల్లలున్నారు. వాళ్లకు తెలుగు చదవడం వచ్చు, తెలుగు పోస్టర్ అక్కడ మాత్రం పూర్తిగా పనిచేస్తుంది.

షో టైములు బస్సును బట్టి పెట్టండి. కాశీనగరం నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవాళ్లకు ఆఖరి బస్సు అందకపోతే సినిమా బాగున్నా ఇంటర్వెల్‌లో లేచిపోతారు. పర్లాకిమిడి, గుణుపురంలో మార్నింగు షో, మ్యాట్నీ. బరంపురంలో మ్యాట్నీ, ఫస్ట్ షో. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లు ఉంది, షిఫ్టు ఎన్నింటికి మారుతుందో కనుక్కుని దానికి గంట తర్వాత షో పెట్టమనండి. అయిదు ఊళ్లూ ఒకే శుక్రవారం వద్దు. మొదటి వారం పర్లాకిమిడి, బరంపురం. రెండో వారం గుణుపురం, రాయగడ. మూడోది జయపురం. ఈ ఊళ్ల మధ్య పెళ్లి సంబంధాలున్నాయి, పర్లాకిమిడిలో సినిమా చూసిన మేనత్త గుణుపురం ఫోన్ చేసి చెబుతుంది. ఆ మాట ముందు పోయి, సినిమా దాని వెనక చేరాలి.

కౌంటర్ దగ్గర ప్రతి షోకూ మీ మనిషి ఉండాలి. టికెట్ పుస్తకంలో ప్రతి తరగతికీ మొదటి నంబరు షోకు ముందు, ఆఖరి నంబరు కౌంటర్ మూశాక రాసుకోవాలి. బాల్కనీ 2,301తో మొదలై 2,346 దగ్గర ఆగితే అమ్మినవి 46, 45 కాదు. ఆ ఒకటి ప్రతి తరగతిలో, ప్రతి షోలో తప్పు లెక్కవేస్తే వారం చివరికి బాగానే తేలుతుంది. సినిమా మొదలైన 20 నిమిషాలకు లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టాలి, ఇంటర్వెల్‌లో ఇంకోసారి. తలలకూ టికెట్లకూ తేడా నాలుగైదు దాటితే గొడవ పడకుండా అప్పుడే, అక్కడే మేనేజర్‌కు చూపించి డీసీఆర్ వెనక రాయించుకోవాలి. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ కాగితం, దాని మీద గ్రాస్ (మొత్తం వసూలు), పన్ను, నెట్, రెండు పక్షాల సంతకాలు, థియేటర్ ముద్ర ఉండాలి. ఫొటో తీసి ఆ రాత్రే పంపించమనండి. తర్వాత ఓటీటీ వాళ్లతో మాట్లాడేటప్పుడు మీ దగ్గర చూపించగలిగే ఆధారం ఈ కాగితాలే.

సెటిల్‌మెంట్ సోమవారానికి సోమవారం అడగండి, నెలాఖరు అంటే ఒప్పుకోవద్దు. ఆ సోమవారమే రెండో వారం సంగతి తేల్చుకోవాలి. నిలుపుతామంటే మంగళవారమే కొత్త తాళంచెవికి చెప్పండి. పాతదాని గడువు గురువారం అర్ధరాత్రితో ముగుస్తుంది. గురువారం సాయంత్రం గుర్తొచ్చి ఫోన్ చేస్తే శుక్రవారం మార్నింగు షోకు టికెట్లు తెగి, జనం కూర్చుని ఉండగా సర్వర్ మాత్రం తెరుచుకోదు.